మహానగరాల్లో కార్యాలయ భవనాల అభివృద్ధి

నిర్వచనం, పరిధి

నగరంలో ఒక స్థలాన్ని సమకూర్చుకొని, అనుమతులు పొంది, అప్పు తెచ్చి, ఆఫీసు పనికి అనువైన భవనాన్ని కట్టి, దానిని లీజుకిచ్చి, అద్దె రాబడి గల ఆస్తిగా నిలబెట్టే వ్యాపారాన్ని కార్యాలయ భవనాల అభివృద్ధి అంటారు. ప్రభుత్వ కచేరీలు, సంస్థలు సొంత వాడకానికి కట్టుకొనే ప్రధాన కార్యాలయాలు కూడా కొంతవరకు ఈ నిర్వచనంలోకి వస్తాయి. అయితే ఈ వ్యాసం ముఖ్యంగా అద్దె కోసం కట్టిన భవనాలను, అవి గుంపుగా పెరిగిన మహానగరాలను పరిశీలిస్తుంది.

ఇళ్ల నిర్మాణానికీ దీనికీ ఉన్న ప్రధాన భేదం పక్షాల విభజనలో ఉంది. సొంత ఇంటి విషయంలో డబ్బు పెట్టేవారూ అందులో ఉండేవారూ తరచు ఒకరే. ఆఫీసు భవనం విషయంలో కట్టే డెవలపర్, అప్పిచ్చే బ్యాంకు, చివరకు కొని అట్టిపెట్టుకొనే పెట్టుబడిదారు, అద్దె కట్టే సంస్థ, రోజూ వచ్చి పనిచేసే ఉద్యోగి వేర్వేరు పక్షాలు. వీరిలో ప్రతి ఒక్కరూ భవనాన్ని వేరొక కాలవ్యవధితో చూస్తారు. అప్పు కొద్ది సంవత్సరాలకు, లీజు సాధారణంగా 5 నుంచి 15 ఏళ్లకు, భవనం అనేక దశాబ్దాలకు, నగర వీధుల అమరిక శతాబ్దాలకు నిలుస్తాయి. ఈ వ్యవధుల మధ్య పొంతన లేకపోవడమే ఈ రంగంలో పదే పదే కనిపించే ఒడిదుడుకులకు మూలం.

తొలి రూపాలు

ఆఫీసు పనికే ప్రత్యేకించిన పెద్ద భవనం ఐరోపాలో పాలన, వర్తకం అనే రెండు అవసరాల నుంచి పుట్టింది. ఫ్లారెన్స్‌లో మొదటి కాసిమో దె మెదిచి పాలనలో వాస్తుశిల్పి వసారీ 1560లో మొదలుపెట్టిన ఉఫీజీ భవనం ఇప్పుడు చిత్రశాలగా ప్రసిద్ధమైనా, ఆ పేరుకు అర్థం ‘కార్యాలయాలు’ అనే. లండన్‌లోని లెడన్‌హాల్ వీధిలో ఉన్న ఈస్టిండియా హౌస్‌లో గుమాస్తాలు కోరమాండల్ తీరపు రేవులతో సహా కంపెనీ వర్తకమంతటి చిట్టాలను నడిపేవారు. 1860ల తొలినాళ్లలో కూల్చిన ఆ భవనం స్థలంలోనే ఇప్పుడు లాయిడ్స్ భవనం (1986) నిలిచి ఉంది. ఇవన్నీ సొంత వాడకపు కట్టడాలు. ఎవరు వస్తారో తెలియకుండానే, వచ్చేవారికి అద్దెకిచ్చే ఉద్దేశంతో గదులు గదులుగా కట్టిన భవనాలు 19వ శతాబ్దపు రేవు పట్టణాల్లో, ఆర్థిక కేంద్రాల్లో పెరిగాయి. లివర్‌పూల్‌లో పీటర్ ఎలిస్ రూపొందించిన ఓరియల్ ఛాంబర్స్ (1864) వీటిలో ముఖ్యమైనది. ఇనుప చట్రానికి గాజు కిటికీలను ముందుకు పొడుచుకొచ్చేలా అమర్చిన దాని పద్ధతిలో తర్వాతి కాలపు అద్దాల గోడల పోకడ అప్పటికే కనిపిస్తుంది.

లిఫ్టు, ఉక్కు చట్రం, వెలుతురు

లిఫ్టు రాకముందు నాలుగైదు అంతస్తులకు మించి మెట్లెక్కే కిరాయిదారు దొరికేవాడు కాదు. ఎంత పైకి పోతే అద్దె అంత తగ్గేది. తాడు తెగినా గది కింద పడకుండా పట్టుకొనే భద్రతా సాధనాన్ని ఎలైషా ఓటిస్ 1850లలో న్యూయార్క్‌లో ప్రదర్శించాడు. 1857లో బ్రాడ్‌వేలోని హవ్వాట్ దుకాణ భవనంలో ప్రయాణికుల లిఫ్టు పనిచేయడం మొదలైంది. 1870లో పూర్తయిన ఈక్విటబుల్ జీవిత బీమా సంస్థ భవనం లిఫ్టులను ఆఫీసు అద్దె వ్యాపారంలోకి తెచ్చాక అద్దెల క్రమం తలకిందులై, వెలుతురు, గాలి, దృశ్యం గల పై అంతస్తులే ప్రియమయ్యాయి.

ఎత్తుకు రెండో అడ్డంకి గోడ మందం. షికాగోలో 1891లో పూర్తయిన మొనాడ్‌నాక్ భవనపు ఉత్తర భాగం బరువంతా ఇటుక గోడలపైనే మోపి 16 అంతస్తులు లేచింది. అందుకోసం నేలమట్టంలో గోడను సుమారు 6 అడుగుల మందాన కట్టవలసి రావడంతో, అద్దె తెచ్చే కింది అంతస్తులో గోడే స్థలాన్ని తినేసింది. అదే నగరంలో, 1871 నాటి ఘోర అగ్నిప్రమాదం తర్వాత సాగిన పునర్నిర్మాణంలో, విలియం లె బారన్ జెన్నీ హోమ్ ఇన్సూరెన్స్ భవనాన్ని (1885, మొదట 10 అంతస్తులు) బరువులో అధిక భాగాన్ని లోహపు చట్రంపై మోపి కట్టాడు. దానిని తొలి ఆకాశహర్మ్యంగా పేర్కొనడం పరిపాటి, ఆ గౌరవంపై చరిత్రకారుల్లో వాదం ఉన్నా.

మూడో పరిమితి వెలుతురు. దీని ప్రభావం నేటికీ కనిపిస్తుంది. నాటి విద్యుద్దీపాలు మందంగా వెలిగేవి కాబట్టి కిటికీ నుంచి సుమారు 25 అడుగులకు మించి లోపల ఉన్న స్థలానికి మంచి అద్దె వచ్చేది కాదు. అందుకే ఆ కాలపు పెద్ద భవనాలు మధ్యలో వెలుతురు బావులు వదిలి, పైనుంచి చూస్తే అర్ధచతురస్రంగానో, చతురస్రంగానో కనిపించే రూపాల్లో వెలిశాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్లోరసెంట్ దీపాలు, ఏసీ విస్తరించి ఈ బంధాన్ని తెంచాయి. కిటికీకి చాలా దూరంగా కూడా మనిషిని కూర్చోబెట్టవచ్చని తేలాక అంతస్తుల వైశాల్యం విపరీతంగా పెరిగింది. ఆ లోతైన అంతస్తులే అర్ధశతాబ్దం తర్వాత భవనాలను ఇళ్లుగా మార్చేవారికి పెద్ద చిక్కయ్యాయి (చూ. మార్పిడి, పునర్వినియోగం).

ఆర్థిక ఎత్తు

భవనం ఎంత ఎత్తుకు కట్టగలమన్నది ఇంజనీరు ప్రశ్న. ఎంత ఎత్తుకు కడితే పెట్టుబడిపై అత్యధిక రాబడి వస్తుందన్నది డెవలపర్ ప్రశ్న. ఈ రెండో ఎత్తును ఆర్థిక ఎత్తు అంటారు. అంతస్తులు పెరిగేకొద్దీ భూమి ఖర్చు ఎక్కువ చదరపు అడుగులపై పంచుకోబడి తగ్గుతుంది. మరోవైపు పునాది, గాలి ఒత్తిడికి తగిన చట్రం, అదనపు లిఫ్టుల ఖర్చు పెరుగుతుంది. పై అంతస్తుకు వెళ్లే ప్రతి లిఫ్టు కింది అంతస్తులన్నిటి గుండా పోతూ అద్దెకిచ్చే చోటును మింగుతుంది. 1930లో క్లార్క్, కింగ్‌స్టన్ అనే ఇద్దరు నిపుణులు న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషను దగ్గరి ఒక స్థలాన్ని ఊహించి, భవనాన్ని వేర్వేరు ఎత్తులకు లెక్కగట్టి, 63 అంతస్తుల దగ్గర రాబడి శిఖరానికి చేరుతుందని తేల్చారు. లిఫ్టుల సమస్యకు 1970ల నాటి న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో మధ్య అంతస్తుల్లో మారే పద్ధతి, అంటే రైలు కూడలిలో బండి మారినట్టు వేగపు లిఫ్టు దిగి స్థానిక లిఫ్టు ఎక్కే ఆకాశ లాబీలు, పరిష్కారమయ్యాయి. గాలి ఒత్తిడి సమస్యకు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఢాకా ప్రాంతంలో పుట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్ బయటి స్తంభాలనే గొట్టంలా పనిచేయించే విధానంతో జవాబిచ్చాడు. షికాగో సియర్స్ టవర్ (442 మీటర్లు, ఇప్పుడు విల్లిస్ టవర్) ఆ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ.

నిబంధనలు రూపాన్ని నిర్ణయించిన తీరు

న్యూయార్క్ బ్రాడ్‌వేలో పాత ఈక్విటబుల్ భవనం కాలిపోయిన చోట 1915లో కొత్త భవనం లేచింది. ఎకరం లోపు స్థలంలో, వీధి అంచు నుంచి నిటారుగా, సుమారు 12 లక్షల చదరపు అడుగులతో లేచిన ఆ కట్టడం చుట్టుపక్కల భవనాలకు ఎండను అడ్డగించింది. అప్పటికే రగులుతున్న అసంతృప్తికి అది తోడై, 1916లో నగరం తన జోనింగ్ తీర్మానాన్ని ఆమోదించింది. జోనింగ్ అంటే ఏ ప్రాంతంలో ఏ వాడకానికి, ఏ మేరకు కట్టవచ్చో ముందే విభజించి చెప్పే చట్టం. ఒక ఎత్తు దాటాక భవనం మెట్లు మెట్లుగా వెనక్కి జరగాలనీ, స్థలంలో నాలుగో వంతుపై మాత్రం ఎంత ఎత్తుకైనా పోవచ్చుననీ అది విధించింది. ఎంపైర్ స్టేట్ భవనం వంటి 1920–30ల న్యూయార్క్ కట్టడాల మెట్ల ఆకారం వాస్తుశిల్పుల అభిరుచి కన్నా ఈ నిబంధన వల్లనే ఎక్కువగా ఏర్పడిందని చెప్పవచ్చు.

1958లో మీస్ వాన్ డెర్ రోయె రూపొందించిన సీగ్రమ్ భవనం పార్క్ అవెన్యూ నుంచి వెనక్కి జరిగి ముందు విశాలమైన ఆవరణను వదిలింది. నగరానికి అది ఎంతగా నచ్చిందంటే 1961 జోనింగ్ తీర్మానంలో అటువంటి ఆవరణ వదిలినవారికి అదనపు నిర్మాణాన్ని బహుమతిగా ప్రకటించారు. అప్పటి నుంచి లెక్కకు ఆధారం ఎఫ్.ఎస్.ఐ., అంటే స్థలం వైశాల్యానికి ఎన్ని రెట్ల అంతస్తు వైశాల్యం కట్టవచ్చన్న నిష్పత్తి. అత్యధిక సాంద్రత గల వాణిజ్య మండలంలో ఇది 15 కాగా, ఆవరణ వదిలితే 18 వరకు పెరిగేది. ప్రజోపయోగానికి బదులుగా అంతస్తులు ఇచ్చే ఈ బేరం పద్ధతి తర్వాత అనేక నగరాలకు వ్యాపించింది. ఇటీవలి వన్ వాండర్‌బిల్ట్ (2020, 427 మీటర్లు) అనుమతికి ప్రతిగా దాని డెవలపర్ గ్రాండ్ సెంట్రల్ రవాణా సౌకర్యాల మెరుగుకు సుమారు 22 కోట్ల డాలర్లు వెచ్చించాడు.

రకాలు

నాణ్యతను బట్టి మార్కెట్ వర్గాలు భవనాలను గ్రేడ్ ఎ, బి, సి అని విడదీస్తాయి. కొత్తదనం, చోటు, అంతస్తు విస్తీర్ణం, కరెంటు బ్యాకప్, లిఫ్టులు, పార్కింగు, నిర్వహణ దీనికి కొలమానాలు. ఇవి చట్టపరమైన నిర్వచనాలు కావు, నగరాన్ని బట్టి మారతాయి. చోటును బట్టి నగర కేంద్ర వాణిజ్య ప్రాంతం, ప్రణాళికతో కట్టిన రెండో కేంద్రం, శివారు ఆఫీసు పార్కు, ఒకే సంస్థకు చెందిన క్యాంపస్ అని నాలుగు ప్రధాన రూపాలున్నాయి. ఇచ్చే స్థితిని బట్టి గోడలు, నేల మాత్రమే ఉన్నది బేర్ షెల్. ఏసీ, విద్యుత్తు వసతులతో ఇచ్చేది వార్మ్ షెల్. బల్లలు, కుర్చీలు, ఇంటర్నెట్‌తో సహా వచ్చి కూర్చోవడమే తరువాయిగా ఇచ్చేది ప్లగ్ అండ్ ప్లే.

లోపలి అమరిక కూడా ఒక వర్గీకరణే. 1950ల చివర జర్మనీలో గోడలు తీసేసి, బల్లలను పని ప్రవాహాన్ని బట్టి విడివిడిగా పరిచే ‘ఆఫీసు భూదృశ్యం’ పద్ధతి మొదలైంది. అమెరికాలో రాబర్ట్ ప్రాప్స్ట్ హెర్మన్ మిల్లర్ సంస్థ కోసం 1960లలో రూపొందించిన కదిలే విభాజకాలు ఉద్యోగికి స్వేచ్ఛ ఇవ్వడానికి ఉద్దేశించినవే అయినా, సంస్థలు వాటిని ఇరుకుగా పేర్చి క్యూబికల్ గళ్లుగా మార్చాయి. ఉత్తర ఐరోపాలో మాత్రం ఉద్యోగుల హక్కులు, పనిస్థల నియమాలు కిటికీకి దగ్గరి సీటును కాపాడటం వల్ల అక్కడి ఆఫీసు భవనాలు అమెరికా వాటికన్నా సన్నగా ఉంటాయి.

ఆర్థిక నిర్మాణం

అభివృద్ధి సాధారణంగా స్థలం, అనుమతులు, ముందస్తు లీజు, నిర్మాణ రుణం, నిర్మాణం, పూర్తి లీజు, దీర్ఘకాలిక రుణం లేక అమ్మకం అనే వరుసలో సాగుతుంది. పునాది వేయకముందే ఒక పెద్ద సంస్థ కొంత స్థలాన్ని తీసుకుంటానని ఒప్పుకోవడం ముందస్తు లీజు. చాలా బ్యాంకులు ఇది చూశాకే రుణం విడుదల చేస్తాయి. అటువంటి ఒప్పందం లేకుండా గిరాకీ వస్తుందన్న నమ్మకంతో కట్టడాన్ని ఊహాత్మక నిర్మాణం అంటారు.

భవనం విలువను నిర్ణయించే ప్రధాన సూత్రం క్యాప్ రేటు. ఖర్చులు పోను ఏటా మిగిలే అద్దెను భవనం ధరతో భాగిస్తే వచ్చే శాతం ఇది. ఏటా 10 కోట్ల నికర అద్దె తెచ్చే భవనాన్ని మార్కెట్ 5 శాతం రాబడికి ఒప్పుకొని కొంటే దాని ధర 200 కోట్లు. వడ్డీ రేట్లు పెరిగి అదే మార్కెట్ 7 శాతం కోరితే, ఒక్క కిరాయిదారుడు కూడా కదలకపోయినా, ధర సుమారు 143 కోట్లకు పడిపోతుంది. 2022 నుంచి అమెరికా, ఐరోపాలలో ఆఫీసు ఆస్తుల విలువ తగ్గడంలో ఖాళీల పాత్రతో పాటు ఈ లెక్క పాత్ర కూడా పెద్దది.

లీజుల తీరు దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ఒకప్పుడు 25 ఏళ్ల లీజు మామూలు. మరమ్మతు, బీమా భారమంతా కిరాయిదారుదే, అద్దె సమీక్షలో పైకే తప్ప కిందికి పోయేది కాదు. భారతదేశంలో తొమ్మిదేళ్ల లీజు, మూడేళ్లకొకసారి సుమారు 15 శాతం అద్దె పెంపు, కిరాయిదారు ఖాళీ చేయడానికి వీల్లేని తొలి లాకిన్ గడువు అనేవి ఎక్కువగా కనిపిస్తాయి. అద్దె లెక్కించే విస్తీర్ణానికీ నిజంగా వాడుకొనే కార్పెట్ ఏరియాకూ ఇక్కడ గణనీయమైన తేడా ఉంటుంది కాబట్టి నగరాల అద్దెలను చదరపు అడుగు ధరతో నేరుగా పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది.

భవనాన్ని వాటాలుగా విడగొట్టి స్టాక్ మార్కెట్లో అమ్మే రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టు, క్లుప్తంగా రీట్, అమెరికాలో 1960లో చట్టబద్ధమైంది. జపాన్‌లో 2001లో, సింగపూర్‌లో 2002లో, బ్రిటన్‌లో 2007లో రీట్‌లు మొదలయ్యాయి. భారత్‌లో తొలిది 2019లో నమోదైన ఎంబసీ ఆఫీస్ పార్క్స్.

నిర్మాణ చక్రాలు

గిరాకీ పెరిగిన రోజున మొదలుపెట్టిన భవనం మూడు నుంచి ఐదేళ్ల తర్వాత గాని చేతికి రాదు. ఒకే సంకేతాన్ని చూసి అందరూ ఒకేసారి మొదలుపెడతారు కాబట్టి అన్నీ ఒకేసారి, తరచు గిరాకీ తగ్గాక, పూర్తవుతాయి. షికాగో భూమి విలువల నూరేళ్ల చరిత్రను 1933లో ప్రచురించిన హోమర్ హాయిట్ ఈ ఆటుపోట్లను క్రమబద్ధంగా నమోదు చేసిన తొలి పరిశోధకుల్లో ఒకరు. 1929 పతనానికి ముందు తలపెట్టిన ఎంపైర్ స్టేట్ భవనం (381 మీటర్లు, 102 అంతస్తులు) 1931 మేలో ప్రారంభమైనప్పుడు ‘ఎంప్టీ స్టేట్’, అంటే ఖాళీ స్టేట్, అన్న పేరు తెచ్చుకొని, లాభాల్లోకి రావడానికి సుమారు రెండు దశాబ్దాలు తీసుకొంది. 1980లలో అమెరికాలో పన్ను రాయితీలు, పొదుపు సంస్థల ఉదార రుణాల వల్ల, జపాన్‌లో భూమి బుడగ వల్ల ఇదే కథ వేర్వేరు రూపాల్లో నడిచింది.

లండన్: సిటీ, రేవు

లండన్ పాత ఆర్థిక కేంద్రమైన సిటీ విస్తీర్ణం సుమారు ఒక చదరపు మైలు. సెయింట్ పాల్స్ కెథడ్రల్ గుమ్మటం కనుమరుగు కాకూడదన్న నియమం అక్కడ 1930ల నుంచి అమల్లో ఉంది. ఫ్లీట్ వీధి నుంచి ఆ గుమ్మటం కనిపించే దారిని వదలడానికే లెడన్‌హాల్ భవనం (2014) ఒక పక్కకు వాలినట్టు కట్టారు. ఈ పరిమితులు, మధ్యయుగపు ఇరుకు వీధులు ఉన్న చోటికి 1986 అక్టోబరు 27న ‘బిగ్ బ్యాంగ్’ అనే స్టాక్ మార్కెట్ సంస్కరణ వచ్చిపడింది. విదేశీ బ్యాంకులకు ఒకే అంతస్తులో వందలాది వర్తకులు కూర్చునే హాళ్లు, నేల కింద కేబుళ్లు పోయే ఖాళీ కావలసి వచ్చాయి. పాత భవనాల్లో అవి లేవు.

తూర్పున కొన్ని కిలోమీటర్ల దూరంలో, 1802లో కరీబియన్ చక్కెర దిగుమతి కోసం తెరిచిన వెస్టిండియా రేవులు కంటైనర్ నౌకలకు చాలక 1980లో మూతపడి పాడుబడి ఉన్నాయి. 1981లో ఏర్పడిన డాక్‌లాండ్స్ అభివృద్ధి సంస్థ, పన్ను రాయితీలతో అనుమతులు సులభం చేసిన ప్రత్యేక మండలం ఆ నేలను డెవలపర్లకు ఆకర్షణీయం చేశాయి. 1987లో కెనడాకు చెందిన ఒలింపియా అండ్ యార్క్ సంస్థ కానరీ వార్ఫ్ పథకాన్ని చేపట్టి, 1991 నాటికి 235 మీటర్ల వన్ కెనడా స్క్వేర్‌ను నిలబెట్టింది. అది అప్పట్లో బ్రిటన్‌లో అత్యంత ఎత్తైన భవనం. కానరీ వార్ఫ్ దెబ్బకు సిటీ కూడా తన నిర్మాణ అనుమతులను సడలించడంతో రెండు చోట్లా ఒకేసారి స్థలం పోటెత్తింది. ఆపై మాంద్యం వచ్చింది. చిన్నపాటి రైలు తప్ప సరైన మెట్రో లేదు. 1992లో సంస్థ దివాలా తీసింది. జూబిలీ మెట్రో మార్గం 1999లో చేరాకే బ్యాంకులు అక్కడ స్థిరపడ్డాయి. ఈ క్రమం ప్రపంచమంతటా ప్రణాళికావేత్తలకు పాఠ్యాంశమైంది, ఎందుకంటే భవనాలూ, పన్ను రాయితీలూ ఉండి కూడా రవాణా రాక ఆలస్యమైనంత కాలం ఆ ప్రాంతం నిలబడలేకపోయిందని అందులో స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ప్రవాహం తిరగబడింది: తన కానరీ వార్ఫ్ టవర్‌ను వదిలి సిటీలోని చిన్న భవనానికి మారుతున్నట్టు హెచ్.ఎస్.బి.సి. 2023లో ప్రకటించగా, రేవు ప్రాంతం ఇళ్లు, జీవశాస్త్ర ప్రయోగశాలల వైపు మళ్లసాగింది.

పారిస్, టోక్యో

పారిస్ కొత్త ఎత్తును నగరం వెలుపలికి పంపింది. 1958లో ఏర్పరచిన ప్రభుత్వ సంస్థ పర్యవేక్షణలో, లూవ్ర నుంచి విజయ తోరణం మీదుగా పోయే చారిత్రక అక్షం కొసన లా దెఫాన్స్ పెరిగింది. నగరం లోపల లేచిన మోంపర్నాస్ టవర్ (1973, 210 మీటర్లు) తెచ్చిన వ్యతిరేకత వల్ల 1977లో ఎత్తుపై పరిమితి విధించారు. మధ్యలో సడలించినా 2023లో 37 మీటర్ల హద్దును మళ్లీ తెచ్చారు.

టోక్యో రాజభవనం ఎదుటి మరునౌచి భూమిని మిత్సుబిషి 1890లో సైన్యం నుంచి కొని, 1894లో తొలి పాశ్చాత్య తరహా ఆఫీసు భవనాన్ని కట్టి, నేటికీ ఆ ప్రాంతంపై ఆధిపత్యం వహిస్తోంది. భూకంపాల భయంతో, నగర రూపం కోసం దీర్ఘకాలం అమల్లో ఉన్న 31 మీటర్ల ఎత్తు హద్దు 1960లలో తొలగిపోయింది. 36 అంతస్తుల కసుమిగసెకి భవనం (1968, 147 మీటర్లు) కంపనాన్ని ఎదిరించే బదులు తట్టుకొని ఊగే చట్రంతో కొత్త దశను మొదలుపెట్టింది. టోక్యో ప్రత్యేకత భూమి ముక్కలను కూడగట్టే ఓపికలో ఉంది: మోరి సంస్థ రొప్పొంగి హిల్స్ (2003) కోసం వందలాది హక్కుదారులతో 17 ఏళ్లు చర్చలు సాగించి, వారిలో అనేకులకు అదే ప్రాజెక్టులో ఇళ్లు, వాటాలు ఇచ్చింది. 2012లో ముగిసిన టోక్యో స్టేషను ఎర్ర ఇటుక భవన పునరుద్ధరణకు అయిన ఖర్చులో అధిక భాగం, దానిపై కట్టకుండా మిగిలిన నిర్మాణ హక్కులను పొరుగు టవర్లకు అమ్మడం ద్వారా సమకూరింది.

హాంకాంగ్, సింగపూర్, షాంఘై

హాంకాంగ్‌లో దాదాపు భూమంతా ప్రభుత్వానిదే. డెవలపర్ పొందేది గడువు గల లీజు మాత్రమే. మెట్రో సంస్థ స్టేషన్లపైన కట్టే హక్కుల ద్వారా రైలు ఖర్చును రాబట్టుకొనే విధానంలో అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం (2010, 484 మీటర్లు) కౌలూన్ స్టేషనుపై లేచింది. సింగపూర్ సముద్రాన్ని పూడ్చి మెరీనా బేను సృష్టించింది. 2019 నుంచి పాత ఆఫీసు టవర్లను ఇళ్లు, హోటళ్లు కలిసిన భవనాలుగా తిరిగి కడితే అదనపు విస్తీర్ణం ఇస్తోంది, పగలు కిక్కిరిసి రాత్రికి నిర్మానుష్యమయ్యే కేంద్రం స్థితిని మార్చడం దాని లక్ష్యం. షాంఘైలో 1990లో పుడోంగ్ అభివృద్ధి ప్రకటించాక పావు శతాబ్దంలో జిన్ మావ్ టవర్, ప్రపంచ ఆర్థిక కేంద్ర భవనం, 632 మీటర్ల షాంఘై టవర్ (2015) పక్కపక్కనే నిలిచాయి.

హైదరాబాద్

మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య ఎల్ అండ్ టి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కట్టిన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ అన్న పేరుతో దాని చుట్టూ పెరిగిన ప్రాంతం కోఠి, ఆబిడ్స్, బేగంపేట వంటి పాత వ్యాపార కేంద్రాల కొనసాగింపు కాదు. ప్రభుత్వ భూమి లభ్యత, విదేశీ సంస్థల సాఫ్ట్‌వేర్ పని, 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండలాల చట్టపు పన్ను మినహాయింపు అనే మూడు కారణాలు దానిని నిలబెట్టాయి. నాలుగో కారణం నిబంధన. 2006లో వచ్చిన భవన నియమాలు హైదరాబాద్‌లో ఎఫ్.ఎస్.ఐ. హద్దును తీసేసి, ఎత్తును రోడ్డు వెడల్పుకూ, చుట్టూ వదిలే ఖాళీకీ ముడిపెట్టాయి. దీర్ఘకాలం తక్కువ ఎఫ్.ఎస్.ఐ.తో నడిచిన ముంబై ద్వీప నగరంలో ఆఫీసు స్థలం అరుదై ఖరీదెక్కగా, హైదరాబాద్‌లో సరఫరా సులభమై అద్దెలు పోల్చి చూస్తే అదుపులో ఉన్నాయి. దీనికి మరో పార్శ్వం రోడ్లు, నీరు, మురుగు వసతులపై పడిన భారం. భవనాలు వచ్చిన చాలా ఏళ్లకు గాని, 2019 నవంబరులో, రాయదుర్గం దాకా మెట్రో రాలేదు.

కిరాయిదారుల స్వభావం కూడా మారింది. ఇతర సంస్థల పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీల పక్కన, బహుళజాతి సంస్థలు తమ సొంత ఇంజనీరింగు, ఆర్థిక, పరిశోధన పనుల కోసం నడిపే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు పెద్ద కిరాయిదారులయ్యాయి. 2019లో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ తెరిచిన 18 లక్షల చదరపు అడుగుల, 15,000 మంది పట్టే క్యాంపస్ ఆ సంస్థకు ప్రపంచంలోనే అతి పెద్ద కార్యాలయ భవనంగా ప్రకటితమైంది. ప్రత్యేక ఆర్థిక మండలాల్లోని కొత్త సంస్థలకు పన్ను మినహాయింపు గడువు 2020లో ముగియడంతో ఖాళీ పడిన అంతస్తులను సాధారణ కిరాయిదారులకు విడిగా ఇవ్వడానికి కేంద్రం 2023 డిసెంబరులో వీలు కల్పించింది. ఒక పన్ను రాయితీకి తగినట్టు కట్టిన భవనానికి ఆ రాయితీ పోయాక మరో నియమ సవరణ అవసరమైంది.

వదులు స్థలం, ఖాళీ స్థలం

నెలల లెక్కన సీటు అద్దెకిచ్చే వ్యాపారం 1989లో బ్రస్సెల్స్‌లో మొదలైన రీగస్‌తో వ్యాపించింది. 2010లో పుట్టిన వీవర్క్ దానికి కోవర్కింగ్, అంటే వేర్వేరు సంస్థలవారు ఒకేచోట కలిసి పనిచేసే పద్ధతి, అనే ఆకర్షణ జోడించి 2019 ఆరంభంలో 4,700 కోట్ల డాలర్ల విలువ తెచ్చుకొని, 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. దీర్ఘకాలిక లీజుకు తీసుకొని స్వల్పకాలానికి ఇచ్చే ఈ నమూనాలో, పైన చెప్పిన వ్యవధుల పొంతనలేమి ఒకే సంస్థ ఖాతాలో చేరింది.

కోవిడ్ మహమ్మారి వల్ల 2020 మార్చి తర్వాత ఇంటి నుంచి పని, ఆపై వారంలో కొన్ని రోజులే ఆఫీసు అన్న పద్ధతి స్థిరపడ్డాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఖాళీ శాతం 30 దాటింది. టోక్యో నడిబొడ్డు ఐదు వార్డుల్లో అది మహమ్మారికి ముందరి 1.5 శాతం నుంచి 6 శాతం పైచిలుకుకు పెరిగి, తర్వాత తగ్గుముఖం పట్టింది. ఇరుకు ఇళ్లు, దట్టమైన రైలు వ్యవస్థ, ఆఫీసులో ఎదురెదురుగా పనిచేసే అలవాటు ఈ తేడాకు కారణాలుగా చెబుతారు. సంస్థలు తక్కువ స్థలాన్ని, అయితే మంచి స్థలాన్ని కోరుకోవడంతో మార్కెట్ రెండుగా చీలింది: న్యూయార్క్‌లో జె.పి. మోర్గన్ 1960 నాటి తన టవర్‌ను పూర్తిగా కూల్చి, 270 పార్క్ అవెన్యూలో 60 అంతస్తుల కొత్త భవనాన్ని 2025లో తెరిచింది. అదే నగరంలో 1970–80ల నాటి మధ్యస్థాయి టవర్లు కిరాయిదారుల కోసం ఎదురుచూస్తున్నాయి.

పర్యావరణ ప్రమాణాలు

భవనాలకు పర్యావరణ యోగ్యతా పత్రాలు బ్రిటన్‌లో 1990లో బ్రీమ్‌తో, అమెరికాలో 1998లో లీడ్‌తో మొదలయ్యాయి. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం స్థాయి పొందిన తొలి భవనం హైదరాబాద్‌లోని సి.ఐ.ఐ.–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. దానిని 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. స్వచ్ఛందంగా మొదలైన ఈ ప్రమాణాలు క్రమంగా చట్టమయ్యాయి. ఇంగ్లండులో 2023 ఏప్రిల్ నుంచి ఇంధన శ్రేణి ‘ఇ’ కన్నా తక్కువ ఉన్న వాణిజ్య భవనాలను, మినహాయింపులు తప్ప, అద్దెకిచ్చి కొనసాగించడానికి వీల్లేదు. నెదర్లాండ్స్ అదే ఏడాది ఆఫీసులకు ‘సి’ శ్రేణిని తప్పనిసరి చేసింది. న్యూయార్క్ 2019లో చేసిన 97వ స్థానిక చట్టం 25,000 చదరపు అడుగులు మించిన భవనాల కర్బన ఉద్గారాలకు 2024 నుంచి హద్దు పెట్టింది.

నడిపేటప్పటి కర్బనం తగ్గేకొద్దీ కట్టేటప్పుడు సిమెంటు, ఉక్కులో చేరిన కర్బనం వాటా పెద్దదవుతుంది. సిడ్నీలో 1976 నాటి టవర్‌ను కూల్చకుండా దాని స్తంభాలు, దూలాలు, పలకల్లో సుమారు 65 శాతాన్నీ, లిఫ్టుల గర్భాన్ని దాదాపు మొత్తంగానూ నిలిపి, చుట్టూ కొత్త అంతస్తులు కలిపి 2022లో పూర్తిచేసిన క్వే క్వార్టర్ టవర్ ఈ దిశలో అతి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి.

మార్పిడి, పునర్వినియోగం

ఖాళీ ఆఫీసులను ఇళ్లుగా మార్చడం కొత్త ఆలోచన కాదు. న్యూయార్క్ 1995లో ఇచ్చిన పన్ను మినహాయింపు వల్ల దిగువ మన్‌హటన్‌లో 12,000కు పైగా ఇళ్లు వచ్చాయి. కెనడాలోని కాల్గరీ, చమురు ధర పడి ఖాళీ అయిన టవర్ల కోసం, 2021 నుంచి చదరపు అడుగుకు 75 కెనడా డాలర్ల సాయం ఇచ్చింది. ప్రతి పడకగదికీ కిటికీ కావాలి, ప్రతి ఇంటికీ స్నానపు గది గొట్టాలు కావాలి. 1920ల భవనాల్లో వెలుతురు బావుల వల్ల ఇవి సులభంగా అమరుతాయి. ఏసీ యుగపు లోతైన అంతస్తుల్లో నడిమి భాగం చీకటిగా మిగిలిపోతుంది. న్యూయార్క్‌లో 25 వాటర్ స్ట్రీట్ అనే 1960ల చివరి నాటి బండలాంటి ఆఫీసు భవనాన్ని మార్చినప్పుడు దాని మధ్యలో పైనుంచి కింది దాకా రెండు వెలుతురు బావులను కోసి తీసి, పోయిన విస్తీర్ణానికి బదులు పైన 10 అంతస్తులు కలిపి, 1,300కు పైగా ఇళ్లు ఏర్పరచారు.